మూడు డేటా వేర్‌హౌసులు, ఒక మేకుల తలుపు

మా ముత్తాత బాలకిష్టారెడ్డి ముడిమ్యాలకు మాలీ పటేలు. ఆయన కొడుకు, అంటే మా తాత వెంకట్రాంరెడ్డి, ఆయన తర్వాత మాలీ పటేలు. శిస్తు వసూలు, పంటల అంచనా, గట్టు తగాదాలు అన్నీ మా అరుగు మీదే తెగేవి. తహసీల్దారు గుర్రం దిగితే మొదట మా ఇంట్లోనే మంచినీళ్లు తాగేవాడు. మా నాన్న హన్మంతరెడ్డి చేతికి ఆ హోదా వచ్చిన కొద్దికాలానికే ప్రభుత్వం పటేల్‌గిరీని రద్దు చేసింది. అయినా ఆయన పోయేదాకా సంతకం కింద ‘మాలీ పటేలు’ అని రాస్తూనే ఉన్నాడు. బ్యాంకువాళ్లు అభ్యంతరం చెప్పలేదు. ఆ సంతకానికి వాళ్లు ఇచ్చేది ఎటూ ఏమీ లేదు.

నేను చేవెళ్లలో ఒక కూరగాయల కంపెనీలో సలహాదారును. ఆరు నెలల ప్రొబేషన్ మీద ఉన్నాను. అరవై దాటినవాణ్ణి ప్రొబేషన్ మీద పెట్టుకోవడంలో గొప్ప ఆశావాదం ఉంది. ఆ ఆశావాదం మా యజమాని మల్లేశానిది.

మల్లేశం తండ్రి పోశయ్య మా ఊరి కావలికారు. డప్పు కొట్టి దండోరా వేయడం, సర్కారు నోటీసు వస్తే తెచ్చి మా తలుపుకు మేకులతో కొట్టడం ఆయన పని. రెండు రెక్కల టేకు తలుపులు అవి. నోటీసు ఎప్పుడూ ఎడమ రెక్కకే కొట్టాలి. కుడి రెక్క శుభకార్యాల తోరణానికి. మూడు తరాల నోటీసులతో ఎడమ రెక్క జల్లెడలా తయారైంది.

ఆ తలుపుల సంగతి ఇక్కడే చెప్పాలి. అవి ఇప్పుడు మా ఇంటికి లేవు. ఎవరడిగినా ‘మెరుగు పెట్టించడానికి పంపాం’ అని చెబుతున్నాను. నాలుగేళ్లుగా చెబుతున్నాను. అంత మెరుగు పట్టే తలుపు లోకంలో లేదు. రెండేళ్ల కింద మల్లేశం కొత్త ఇల్లు కట్టుకుంటూ మా ఇంటికి వచ్చాడు.

“మా బాపు మేకులు కొట్టిన తలుపు పటేలా. నాకియ్యి. నువ్వెంతంటే అంత.”

“మా తలుపులు అమ్మకానికి లేవు మల్లేశం,” అన్నాను. వెన్ను నిటారుగా పెట్టి మరీ అన్నాను.

అతను మెరుగు కథను నమ్మాడు, ఈ మాటను గౌరవించాడు. తలుపులు అమ్ముకోని మనిషి అబద్ధమాడడన్న నమ్మకంతోనే నాకీ కుర్చీ ఇచ్చాడు. ఇప్పుడు చెప్పబోయే ప్రయాణంలో పణంగా పెట్టింది ఆ కుర్చీనే.

చేవెళ్ల: ఒక దుంపకు మూడు బరువులు

మా కంపెనీ ముడిమ్యాల, ప్రొద్దుటూరు రైతుల దగ్గర క్యారెట్, బీట్‌రూట్ కొని పట్నం దుకాణాలకు పంపుతుంది. నిన్న బీట్‌రూట్ ఎంత కొన్నామని అడిగితే మూడు జవాబులు వస్తాయి. పొలం దగ్గర మట్టితో తూచింది ఒకటి, షెడ్డులో కడిగాక తూచింది ఒకటి, ట్రేలలో పేర్చాక తూచింది ఒకటి. మూడూ నిజమే. మూడు కంప్యూటర్లలో ఉన్నాయి, ఒకదాని మొహం ఒకటి చూడవు.

డేటా వేర్‌హౌస్ అంటే ఈ వివరాలన్నీ ఒక చోట చేర్చి, ఎవరడిగినా ఒకే జవాబిచ్చే ఏర్పాటు. అమ్మే కంపెనీలు చాలా ఉన్నాయి. బ్రోషర్లన్నిటి మీదా నవ్వుతున్న తెల్లవాళ్లే. వాళ్లు బీట్‌రూట్ తూచినట్టు నాకు అనిపించలేదు.

“బ్రోషర్లు నాకొద్దు పటేలా,” అన్నాడు మల్లేశం. “మన దిక్కు మూడు కంపెనీలు మూడు రకాలు కొన్నయ్. పోయి కండ్లతోని చూడు. ఏది మంచిగున్నదో నువ్వు చెప్పు. నువ్వు చెప్పినదాన్ని కొనే ముందు నేను గూడ పోయి ఒకపారి చూస్త.”

ఈ చివరి మాట అప్పుడు నాకు మామూలుగానే వినిపించింది.

నా దగ్గర ఒకటే కొలమానం ఉంది. మా తాతకు ఎవరైనా పంట అంకె చెబితే ఆయన “ఎవరు చూసిండు?” అని అడిగేవాడు. చూసినవాడి పేరు లేని అంకెను ఊరి భూముల, పంటల లెక్క అయిన పహాణీలోకి ఎక్కనిచ్చేవాడు కాదు. ఈ మూడు చోట్లా అదే అడగాలని నిశ్చయించుకున్నాను.

బస్టాండు పక్కన జొన్నరొట్టెలు చేసే అవ్వ దగ్గర ఆగాను. రొట్టె ఇరవై రూపాయలు, పచ్చికారం ఉచితం. మా ఇంట్లో వంటమనిషి రొట్టెను రెండు చేతుల మధ్య తిప్పేది. ఈమె తడిబట్ట మీద ఒత్తుతుంది. రొట్టె పెద్దదవుతుంది, అంచు పగులుతుంది. రుచి మాత్రం మా ఇంటిదానికంటే బాగుంది. ఇది మా వాళ్లెవరూ చదవరనే ధైర్యంతో రాస్తున్నాను.

“ఏ ఊరు బిడ్డా?”

“ముడిమ్యాల.”

“పటేలింటోనివా? ముక్కు గట్లనే ఉన్నది. నా లగ్గమప్పుడు మీ ఇంటికొచ్చి మొక్కినం. ఏనుగంత తలుపులుండె. ఉన్నయా?”

“నాలుగేండ్ల కింద మెరుగుకు పంపినం అవ్వా.”

“ఇంకా చేస్తుండా? గసొంటి బద్ధకపోనికి ఎందుకిచ్చినవ్ బిడ్డా? పోయి నాలుగు తిట్టి తెచ్చుకో.”

రెండో రొట్టె తినకుండానే లేచాను.

చేవెళ్ల: ప్రశ్నకు దరఖాస్తు

మొదటి మజిలీ ఒక పాల డెయిరీ. వీళ్లు కొన్నది మీటరు పద్ధతి. సామాను పెట్టుకోవడానికి పెద్ద ఖర్చేమీ లేదు. ప్రశ్న అడిగినప్పుడల్లా, దానికోసం ఎంత సమాచారం వెతికితే అంతకు బిల్లు. గోడకు పెద్ద స్క్రీన్ ఉంది, ఆపేసి ఉంది. దాని మీద దండ వేయడం ఒక్కటే తక్కువ.

మేనేజరు గోపాల్ మర్యాదస్థుడు. తాగమని పెద్ద గ్లాసు మజ్జిగ ఇచ్చాడు.

“ఆ స్క్రీను ఎందుకు ఆపారు?”

“అది నడిస్తే అడుగుతది సార్. అడిగితే మీటర్ తిరుగుతది. దసరాకు ఆఫీసు బంద్ చేసి పోయినం, స్క్రీన్ బంద్ చేసుడు మర్చిపోయినం. ఐదు నిమిషాలకొకసారి ‘పాలెన్ని వచ్చినయ్, పాలెన్ని వచ్చినయ్’ అని అదొక్కటే అడుక్కుంట కూసున్నది. అడిగినప్పుడల్లా ఐదేండ్ల పాలు మొదటి నుంచి లెక్కవెట్టింది.”

“బిల్లు?”

“మా సేటు బిల్లు చూసి ఆ దినం పాలు తాగలే సార్.”

అప్పటి నుంచి ప్రశ్న అడగాలంటే దరఖాస్తు పెట్టాలి. అచ్చు వేసిన ఫారం. ప్రశ్న, కారణం, అడిగేవారి హోదా, పై అధికారి సంతకం. ఫారాలు నాకు చూపించాడు. పోయిన నెల వచ్చినవి రెండు. ఒకటి తిరస్కరించారు.

నాకు మా అరుగు గుర్తొచ్చింది. మా తాత దగ్గర కూడా ప్రశ్న అడగాలంటే చెప్పులు విప్పి, అరుగు ముందు కట్టిన పగ్గం అవతల నిలబడి, కరణం ద్వారా అడగాలి. ఏడాదికి రెండు ప్రశ్నలు వచ్చేవి. ఊరు ప్రశాంతంగా ఉందని పై అధికారులకు రాసేవాళ్లం.

గోపాల్ ధైర్యం చేసి ఒక అంకె చూపించాడు.

“ఇది ఎవరు చూశారు? ఎక్కడి నుంచి వచ్చింది?”

“దానికి ఇంకో దరఖాస్తు సార్,” అన్నాడు, నిజంగా బాధపడుతూ.

మనిషికి మార్కులు వేశాను. మీటరుకు వేయలేదు. అయితే ఎవరు ఎంత అడగాలో అదుపు పెట్టుకోగల పెద్ద కంపెనీలకు ఇది చౌక పడుతుందని నోట్సులో న్యాయంగానే రాసుకున్నాను.

చిల్కూరు దారి: ఉత్త ఫ్రిజ్

రెండో రోజు మొయినాబాద్ నుంచి చిల్కూరు వైపు షేర్ ఆటోలో వెళ్లాను. పక్కన ఒక పట్నం అబ్బాయి దిగులుగా కూర్చున్నాడు. గుడి చుట్టూ తిరిగేవాళ్లు ప్రదక్షిణకొక టిక్కు పెట్టుకునే కార్డు అతని చేతిలో ఉంది. నిన్న చెమటకు తడిసి సిరా అంతా కలిసిపోయింది.

“ఎనభయ్యా తొంభయ్యా తెలుస్తలేదు అంకుల్. మళ్ల మొదటి నుంచి తిరుగుతా.”

“దేవుడు చూసి ఉంటాడు గదా?”

“ఆయన చూస్తడు. నాకు తెల్వద్దా?”

డేటా గురించి ఈ మూడు రోజుల్లో విన్న అన్ని మాటల్లోకీ ఇదే బాగుంది.

నేను వెళ్లింది ఒక కోళ్ల హేచరీకి. వీళ్లది సొంత బావి పద్ధతి. యంత్రం కొని తమ గదిలోనే పెట్టుకున్నారు. నెలనెలా ఎవరికీ కట్టేది లేదు, సమాచారం గడప దాటదు. నా మనసు వెంటనే దాని వైపు మొగ్గింది. మా వంశంలో బయటి బావి నీళ్లు ఎవరూ తాగలేదు.

యంత్రం ఉన్న గదికి రెండు ఏసీలు. ఎండాకాలంలో ఈ జిల్లాలో నేను చలికి వణికింది ఆ గదిలోనే. యంత్రం పక్కన పెరుగు గిన్నెలు, పూల పొట్లాలు, ఎవరిదో పుట్టినరోజు కేకు ఉన్నాయి. మధ్యాహ్న భోజనం అక్కడే పెట్టారు. కోడిగుడ్ల హేచరీలో వంకాయ కూర వడ్డించారు. గుడ్డు చూస్తే తమకు ఆకలి చచ్చిపోతుందట.

తినడం అయ్యాక మేనేజరు సుజాతను అడిగాను. “ఇక చూపించమ్మా.”

ఆమె మొహం వాడింది. “ఖాజా లేడు సార్. మరదలు పెండ్లికి జహీరాబాద్ పోయిండు. పాస్‌వర్డ్ ఆయనకే ఎరుక. ఖాజా లేకుంటే ఇది ఉత్త ఫ్రిజ్ సార్.”

ఫోను కలిపింది. వెనక బాజా మోగుతోంది.

“సలాం సాబ్! జర ఫికర్ చెయ్యకున్రి. సోమవారం వస్త, అంత చూపెడ్త. పాస్‌వర్డ్ ఫోన్ల చెప్తే ఖతం గద సాబ్!”

అతను చెప్పింది న్యాయమే. కానీ మూడు రోజులుగా ఆ హేచరీలో ఎన్ని గుడ్లు పిల్లలయ్యాయో ఎవరికీ తెలియదు. కోడిపిల్లలు మాత్రం తెలియకుండానే పుడుతున్నాయి.

మా నాన్న ధాన్యం గది తాళంచెవి మొలతాడుకు కట్టుకునేవాడు. ఒకసారి ఆయన దవాఖానలో మూడు వారాలున్నాడు. తాళంచెవి అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేదు. గది నిండా వడ్లు పెట్టుకుని, ఆ మూడు వారాలూ దుకాణంలో బియ్యం కొనుక్కు తిన్నాం. సొంత బావి మీద మోజు ఆ జ్ఞాపకంతో తగ్గింది.

మొయినాబాద్: నిజాం తూటాలు

మూడో రోజు మజిలీ ఒక రిసార్ట్. పెళ్లిళ్లు చేస్తారు. వీళ్లది సాలు కిరాయి పద్ధతి. ఏడాదికి ఇంతని కడితే ఎన్ని ప్రశ్నలైనా అడగొచ్చు. యంత్రం కిరాయికిచ్చిన కంపెనీ దగ్గర, తాళంచెవులు మన దగ్గర, అవీ ఒక్కరి దగ్గరే కాదు.

ఆఫీసుకు వెళ్లే దారిలో స్వాగత మంటపం ఉంది. అందులో గోడ లేకుండా ఒక తలుపు నిలబెట్టారు. రెండు రెక్కలు. ఎడమ రెక్క జల్లెడ.

నేను ఆగిపోయాను. తలపాగా చుట్టిన ఉద్యోగి ఒకతను పరుగున వచ్చాడు.

“మంచిగ చూడున్రి సార్. నిజాం జమానా తలుపు. ఆ బొక్కలన్నీ తూటాలు. గడి మీద లడాయి అయినప్పుడు కొట్టినయ్.”

“ఎవరు చూసిండు?”

“బోర్డు మీద రాసున్నది సార్.”

మా ఇల్లు దొరలుండే గడి కాదు. దాని మీద ఎవరూ లడాయి చేయలేదు. ఎవరైనా చేసి ఉంటే బాగుండుననిపించింది. నోటీసులు కొట్టించుకున్న వంశం కంటే తూటాలు తిన్న వంశం వినడానికి గొప్పగా ఉంటుంది.

పది అడుగుల అవతల, గులాబీ మొక్కల మధ్య, ఒక పొడుగాటి బెంచీ. దాని మీద ఇద్దరు పెళ్లికూతురి స్నేహితురాళ్లు కూర్చుని చెప్పుల పట్టీలు విప్పుకుంటున్నారు. అది బెంచీ కాదు. మా గడప. మా నాయనమ్మ శుక్రవారం శుక్రవారం దానికి పసుపు రాసేది. దాని మీద కూర్చుంటే చేతిలో ఏది ఉంటే అది విసిరేది. వాళ్లతో నేనేమీ అనలేదు. ఏ హక్కుతో అంటాను?

డేటా పని చూసే అమ్మాయి పేరు స్వప్న. ప్రొద్దుటూరు పిల్ల. వాళ్ల నాన్న మా కంపెనీకే క్యారెట్ వేస్తాడు. ఒక పెళ్లిలో ఎన్ని ప్లేట్లు లేచాయో చూపించింది. వంటవాళ్ల లెక్క, గేటు దగ్గర లెక్క, పెళ్లివారి లెక్క, మూడూ పక్కపక్కనే ఉన్నాయి. అంకె మీద నొక్కితే అది ఏ చీటీ నుంచి వచ్చిందో, ఎవరు ఎక్కించారో, ఎవరు దిద్దారో మెట్టు మెట్టుగా తెరుచుకుంది.

మా తాత ప్రశ్నను ఎవరో యంత్రానికి నేర్పినట్టుంది. నాకు ముచ్చటేసింది. ఆ ముచ్చటలో తెలివి తప్పాను.

“ప్లేట్లు సరే. వస్తువులకు కూడా ఇట్లాగే చూపుతుందా?”

“ఎందుకు చూపదు సార్? ఆ ముందరి తలుపుదే చూడున్రి.”

నొక్కింది. ‘పురాతన తలుపు, చెట్టినాడు.’

“చెట్టినాడా? బయట నిజాం తూటాలన్నారే?”

“అది మార్కెటింగోళ్లు రాసుకున్నరు సార్. ఇది కొనుగోలోళ్లు రాసుకున్నరు. అసలుది కిందుంటది.” ఇంకో మెట్టు దిగింది. పాత సామాన్ల వ్యాపారి చీటీ. ‘పాత తలుపులు, ఒక జత. ముడిమ్యాల.’ “చూసిన్రా? మన దిక్కుదే. ఇంకొక్క మెట్టున్నది. దొంగసొమ్ము కాదని అమ్మినాయనతోని సంతకం తీసుకుంటరు.”

“చాలమ్మా.”

నొక్కనే నొక్కింది. చీటీ ఫోటో నెమ్మదిగా, పై నుంచి కిందికి తెరుచుకుంది. కింద నా సంతకం. సంతకం కింద నా చేతిరాతే, ‘మాలీ పటేలు మనుమడు’ అని. పాత సామాన్ల చీటీ మీద కూడా రాశానన్నమాట. ఆ అలవాటు మా నాన్నతో పోయిందనుకున్నాను.

“ముడిమ్యాలే గద సార్ మీది గూడ?” అంది స్వప్న. “ఈయన ఎరుకేనా?”

“ఎరుకే,” అన్నాను. “చూశాను.”

మొయినాబాద్: నూట ఎనభై రూపాయల చాయ్

రిసార్ట్ క్యాంటీన్‌లో చాయ్ నూట ఎనభై. చేవెళ్లలో పదిహేను. తేడా అంతా ఒక దాల్చినచెక్క పుల్ల. దాన్ని నములుతూ కూర్చుని ఆలోచించాను.

మల్లేశం కొనే ముందు చూస్తానన్నాడు. మీటరు మంచిదని రాస్తే డెయిరీకి వెళ్తాడు. సొంత బావి మంచిదని రాస్తే హేచరీకి వెళ్తాడు. ఆ రెండింటిలో ఏది కొన్నా నా తలుపు భద్రం, నా కుర్చీ భద్రం. ఒకచోట అడగడానికి లేదు, ఇంకోచోట తెరవడానికి లేదు. మా కుటుంబం మూడు తరాలు ఆ రెండు పద్ధతుల్లోనే నడిచింది, ఫలితం ఊరంతా చూసింది.

మంచిది మూడోదే. అందులో సందేహం లేదు. అది రాస్తే అతను ఈ మంటపంలోంచే నడిచి వస్తాడు.

చాయ్ చల్లారింది. ఫోను తీశాను. “మూడోది కొనాలి మల్లేశం. రేపు పొద్దున వచ్చి చూడు. నేను ఇక్కడే ఉంటాను.”

మొయినాబాద్‌లో లాడ్జి గది ఎనిమిది వందలు. కిటికీ మూసుకోదు.

మొయినాబాద్, మళ్లీ

మల్లేశం పొద్దున్నే జీపులో వచ్చాడు. మంటపం దగ్గర అతని నడక ఆగింది. తలపాగా ఉద్యోగి తూటాల కథ మొదలుపెట్టాడు.

“జర ఆగు తమ్మీ,” అన్నాడు మల్లేశం. ఎడమ రెక్క మీద ఒక బొక్కలో వేలు పెట్టాడు. తర్వాత పక్కదానిలో. “తూటాలు గావు. మేకులు. మా బాపు కొట్టినయ్. ఈ మూలకు కొట్టినందుకు పెద్ద పటేలు తిట్టిండట, చెక్క పగుల్తదని. పగిలింది గూడ. ఇగో.”

ఉద్యోగి బోర్డు వైపు, మల్లేశం వైపు మార్చి మార్చి చూశాడు.

మల్లేశం నా వైపు తిరగలేదు. “మెరుగు మంచిగ పెట్టిన్రు పటేలా.”

అతను వేలి దుమ్ము దులుపుకున్నాడు.

“నేనడిగితే అమ్మకానికి లేవంటివి.”

“లేవు మల్లేశం. అప్పటికే అమ్మాను.”

“గదే చెప్తే పోయేది గద? నేను ఈడికొచ్చి కొనుక్కుందును. ఇప్పుడు పెండ్లికొచ్చినోళ్లందరు దీని ముందర ఫోటోలు దిగవట్టిరి. వీళ్లిస్తరా?” మళ్లీ ఆ పగులు మీద వేలు పెట్టాడు. అది కోపం కాదు. కోపమైతే నాకు సులువుగా ఉండేది.

ఇవ్వరు. స్వప్న మేనేజరును అడిగి వచ్చి చెప్పింది. కానీ వివరాలు తప్పుంటే దిద్దుతారట.

“దిద్దాలంటే చూసినోళ్ల పేరు గావాలె సార్. లేకుంటే సిస్టం తీసుకోదు.”

“మేకులకు నా పేరు రాయి బిడ్డా,” అన్నాడు మల్లేశం. “పోశయ్య కొడుకు మల్లేశం అని.”

“మిగతాదానికి నా పేరు,” అన్నాను. “అదీగాక బయట బెంచీ అని రాసుకున్నది బెంచీ కాదమ్మా, గడప. రెండూ ఒకే ఇంటివి. కలిపి రాయి.”

సంతకం కింద ఏమైనా చేర్చాలా అని ఆ అమ్మాయి అడిగింది. వద్దన్నాను.

తిరుగు ప్రయాణం మల్లేశం జీపులోనే. చేవెళ్ల దగ్గరికి వచ్చాక, సాలు కిరాయి కాయితాలు సోమవారం తయారుగా పెట్టమన్నాడు. బీట్‌రూట్‌ను మట్టితో తూచింది ఎవరో, కడిగాక తూచింది ఎవరో, ట్రేలలో తూచింది ఎవరో, మూడు పేర్లూ అందులో ఉండాలన్నాడు. ప్రొబేషన్ ఊసు అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. బస్టాండు దగ్గర దిగి, వదిలేసిన రెండో రొట్టె తిన్నాను. అవ్వ అడగకముందే తలుపులు అమ్మేశానని చెప్పాను. ఆమె ఇరవై రూపాయలు తీసుకుని, “గంతేనా,” అంది.

మొయినాబాద్ రికార్డులో ఇప్పుడు ఇలా ఉంది: టేకు తలుపులు ఒక జత, గడపతో సహా, ముడిమ్యాల పటేలింటివి. ఎడమ రెక్క మీద నోటీసు మేకుల గుర్తులు. అమ్మింది నేను.